రసాయనశాఖకు తూనికరాళ్ళు

ధాన్యమును కుంచముతో కొలుతుము. బంగారమును తులములతో తూతుము. బంగారమును కుంచముతో కొలువబూనినవాడు లోకమున నవ్వులపాలగును. కాని విద్యావిషయమున మన కీ నవ్వు రాకున్నది. నేడు మన విశ్వవిద్యాలయములలో నొక రసాయనశాఖ మంచిదా కాదా యని తెలిసికొనగోరువారు, ఆ శాఖలో నేమి కనుగొనిరి, ఏమి బోధించుచున్నారు అని యడుగుట లేదు. ఏటి కెన్ని వ్యాసములు ప్రకటించిరి, వాని నెందరు ఉల్లేఖించిరి అని మాత్రమే యడుగుచున్నారు. ఆ రెండంకెలు చేతికి రాగానే తీర్పు ముగిసినది. ఉద్యోగములు, పదోన్నతులు, నిధులు, ర్యాంకులు అన్నియు నా యంకెల వెంట నడచుచున్నవి. ఈ పద్ధతి తప్పనియు, దీనివలన శాస్త్రమునకును విద్యార్థులకును ప్రజాధనమునకును హాని కలుగుచున్నదనియు చూపుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

ఉల్లేఖన మన నేమో మొదట చెప్పవలెను. పరిశోధకుడు తన వ్యాసమున పూర్వులు వ్రాసినదానిని పేర్కొని, ఆధారముల పట్టికలో దానిని చేర్చుటయే ఉల్లేఖనము. విశ్వవిద్యాలయములలో దీనిని సైటేషను అందురు. అమెరికాలోని న్యాయవాదులు ఒక తీర్పును తరువాతి తీర్పులలో నెక్కడెక్కడ పేర్కొనిరో తెలుపు పట్టికలను 1873 మొదలుకొని వాడుచుండిరి. ఆ పద్ధతిని శాస్త్రమునకు తేవచ్చునని యూజీన్ గార్‌ఫీల్డు 1955లో సైన్సు పత్రికయందు ప్రతిపాదించెను. ఈయన కళాశాలలో చదివినదియు రసాయనశాస్త్రమే. 1964లో ఆయన సంస్థ సైన్సు సైటేషను ఇండెక్సును వెలువరించెను. ఒక విషయముపై నెవరెవరు వ్రాసిరో వెదకువారి కది గొప్ప యుపకారము. దానిని నేను నిందింపను. కాని క్రమముగా దానినుండి వేరు లెక్కలు పుట్టినవి. ఒక పత్రిక గడచిన రెండేండ్లలో ప్రకటించిన వ్యాసములకు ఈ యేట వచ్చిన ఉల్లేఖనములను ఆ వ్యాసముల సంఖ్యచే భాగింపగా వచ్చునది ఇంపాక్టు ఫ్యాక్టరు. ఒకనికి ఇరువదేసి ఉల్లేఖనములకు తక్కువగాని వ్యాసము లిరువది యున్నచో వాని హెచ్-ఇండెక్సు 20. ఇది 2005లో హోర్హే హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు కల్పించినది. ఇట్లు పుస్తకభాండారమున దారి చూపుటకు వెలిగించిన దీపమును గొనిపోయి న్యాయపీఠముపై కూర్చుండబెట్టితిమి.

ఈ న్యాయాధిపతి కుండు మొదటి లోపము, పొగడ్తకును ఖండనమునకును భేద మెరుగకుండుట. సంస్కృతశాస్త్రగ్రంథములు చదివినవారికి పూర్వపక్షమన నేమో తెలియును. భాష్యకారుడు తాను ఖండింపదలచిన మతమును మొదట విస్తరించి చెప్పి, పిదప సిద్ధాంతమును స్థాపించును. శంకరుల బ్రహ్మసూత్రభాష్యమున సాంఖ్యమతము మాటిమాటికి ప్రస్తావింపబడినది. అంతమాత్రమున శంకరులు సాంఖ్యమును మెచ్చిరని యెవడు ననడు. ఉల్లేఖనముల లెక్క మాత్ర మట్లే యనుచున్నది. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్సు అను నిద్దరు రసాయనశాస్త్రజ్ఞులు, భారజలమున పల్లాడియపు కడ్డీ నుంచి విద్యుత్తును ప్రవహింపజేసినచో కేంద్రకసంలీనము జరుగుచున్నదని వార్తాపత్రికలవారిని పిలిచి ప్రకటించిరి. పాన్సు ఆ కాలమున నా విశ్వవిద్యాలయ రసాయనశాఖకే అధ్యక్షుడు. ప్రపంచమందలి ప్రయోగశాలలు వారి మాటను పరీక్షించినవి, అది నిలువలేదు. కాని నిలువలేదని చూపుటకై వ్రాసిన వ్యాసములన్నియు వారి వ్యాసమును పేర్కొనవలసియే వచ్చినది. అట్లు దానికి వందలకొలది ఉల్లేఖనములు చేరినవి. అంకెలనే నమ్మువాని కది యా శాఖ కీర్తిస్తంభముగా కనబడవలెను.

రెండవ లోపము, పనిముట్టునకును భావమునకును తారతమ్య మెరుగకుండుట. శాస్త్రవాఙ్మయమం దెల్ల అత్యధికముగా ఉల్లేఖింపబడిన వ్యాసము ఒక మహాసిద్ధాంతమును స్థాపించినది కాదు. అది 1951లో ఆలివర్ లౌరీయు నతని సహచరులును మాంసకృత్తుల పరిమాణమును కొలుచు పద్ధతినిగూర్చి వ్రాసినది. 2014లో నేచర్ పత్రిక ప్రకటించిన లెక్కలో దాని ఉల్లేఖనములు 3 లక్షలకు పైబడినవి. ఆ పద్ధతి ఉపయోగకరమే. అయినను, వడ్రంగి వాడు బాడిసె లోకమందలి యిండ్లన్నిటిని కట్టినదని చెప్పుట యెట్టిదో, ఆ యంకెనుబట్టి శాస్త్రమందలి గొప్పతనమును నిర్ణయించుటయు నట్టిదే.

దీనికన్న వింతయైన యుదాహరణమున్నది. స్ఫటికములలో నణువుల యమరికను లెక్కగట్టుటకు షెల్‌ఎక్స్ అను కంప్యూటరు ప్రోగ్రామును జార్జి షెల్డ్రిక్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు నిర్మించెను. 2008లో ఆయన దాని చరిత్రను ఆక్టా క్రిస్టలోగ్రాఫికా యొక్క ‘ఎ’ విభాగమున నొక వ్యాసముగా వ్రాసెను. ఆ ప్రోగ్రామును వాడిన ప్రతివాడును ఆ వ్యాసమును పేర్కొనెను. ఫలితముగా 2008లో సుమారు 2గా నున్న ఆ పత్రిక ఇంపాక్టు ఫ్యాక్టరు 2009లో 49.9కి ఎగసినది, ఆ యేట నేచర్ పత్రికనే మించినది. 2011 నాటికి మరల సుమారు 2కు దిగినది. ఆ నడుమ నందు వ్యాసము ప్రకటించిన తక్కినవారు, షెల్డ్రిక్ పుణ్యమున, లోకమందలి యున్నతపత్రికలలో నొకదానియందు వ్రాసినవారైరి. వారి రసాయనము మారలేదు. వారి ప్రక్క నున్నవాని పేరు మాత్రము మారినది. ఇంపాక్టు ఫ్యాక్టరునుబట్టి వ్యాసమునకు మార్కులు వేయువారు పెండ్లివారితో వచ్చినవారందరిని పెండ్లికొడుకులనుచున్నారు.

ఇక మన తెలుగువాని కథ చూతము. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు వైద్యకళాశాలలోని జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కెతో కలిసి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ వ్యాసమునకు వేలకొలది ఉల్లేఖనములు వచ్చినవి. ఆ తరువాతనే వారిరువురు కండరములందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో జీవకణములకు శక్తి నొసగు ఏటీపీని గూర్చి ప్రకటించిరి. అంకెలనుబట్టి చూచినచో కొలతపద్ధతియే పెద్దది. ప్రాణశక్తి మర్మమునకు దారితీసిన పని చిన్నది. కాని హార్వర్డువారు వీనిలో దేనినిబట్టియు నాయనకు స్థిరోద్యోగ మీయలేదు. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు పోయి, అక్కడ పరిశోధనలకు నాయకత్వము వహించెను. 1948లో సిడ్నీ ఫార్బరు బోస్టనులో రక్తపుకాన్సరు గల పసిబిడ్డలకు ఎమినోప్టెరిను నిచ్చి తాత్కాలికముగా గుణము చూపిన వ్యాసమును ప్రకటించెను. ఆ మందు సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి పోయినదే. వ్యాసకర్తల పేళ్ళలో మాత్ర మాయన పేరు లేదు. ఆ యేటనే డగ్గరు ఆరియోమైసినును గూర్చి వ్రాసెను, అందును లేదు. మన కోస్తాజిల్లాలలో బోదకాలునకు నేటికిని పంచిపెట్టు డైఇథైల్‌కార్బమజైను మాత్ర కూడ ఆ ప్రయోగశాలలో పుట్టినదే. దానిని మ్రింగిన కోట్లకొలది ప్రజలలో నెవ్వరు నాయనను ఉల్లేఖింపలేదు. ఉల్లేఖనముల పట్టికలో రోగికి స్థానము లేదు.

పై లోపములు లెక్కకు సహజములు. మనుజుడు లెక్క నెరిగి తన నడత మార్చుకొన్నప్పుడు పుట్టునవి యింతకన్న ఘోరములు. తూకమునకు కూలి యిచ్చునప్పుడు ధాన్యములో నిసుక కలుపువాడు తప్పక పుట్టును. 2009లో విశ్వవిద్యాలయ గ్రాంట్సు కమిషను, డాక్టరేటు గ్రంథము సమర్పింపక ముందే విద్యార్థి యొక వ్యాసమైనను ప్రకటింపవలెనని నిబంధన చేసినది. అధ్యాపకుల పదోన్నతికిని వ్యాసములకు మార్కులు కట్టినారు. వెంటనే రుసుము పుచ్చుకొని యేది పంపినను ప్రకటించు పత్రికలు వానకాలపు పుట్టగొడుగులవలె లేచినవి. 2018 మే నెలలో కమిషనే తాను లోగడ నంగీకరించిన పత్రికలలో 4,305 పత్రికలను పట్టికనుండి కొట్టివేయవలసి వచ్చినది. 2022లో డాక్టరేటునకు ముందు ప్రచురణ తప్పనిసరియను నిబంధనను తొలగించినది. పదుమూడేండ్లు విద్యార్థులచేత ఈ పత్రికలకు కప్పము కట్టించిన పిదప కలిగిన జ్ఞానోదయ మిది. ఈ వ్యాపారమున మన తెలుగునేలకు గల పాలునుగూర్చి చెప్పుటకు సిగ్గగుచున్నది: హైదరాబాదు కేంద్రముగా నట్టి పత్రికలను వందలకొలది నడపిన యొక సంస్థపై అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషను 2016లో దావా వేయగా, 2019లో న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు మించిన మొత్తమును చెల్లింపుమని తీర్పు చెప్పినది.

చౌకబారు పత్రికలను విడిచి పేరుగల పత్రికలనే లెక్కించినచో చాలునందురా? తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున నొక రసాయనశాస్త్రాచార్యుడు 2004కును 2007కును నడుమ విదేశములందలి పేరుగల పత్రికలలో ప్రకటించిన వ్యాసములు 70కి పైబడి పరులవానినుండి దొంగిలించినవో, కల్పించినవో యని 2008లో లోకమునకు వెల్లడియైనది. ఆ నాలుగేండ్లలో నా శాఖ పరిశోధనఫలమును లెక్కించినవానికి దాని వైభవము కన్నులు చెదరగొట్టియుండును. దొంగతనమును బయటపెట్టిన దెవరు? లెక్క కాదు. వ్యాసమును నిజముగా చదివి, ఇది యెక్కడనో చూచితినే యని గుర్తుపట్టిన పరీక్షకుడు. లెక్కించువారు వేలమంది యున్నను దొరకని దొంగ, చదువువా డొక్కడుండగా దొరకెను.

ఇది మన దేశపు జాడ్యము మాత్రమే కాదు. స్పెయినులోని కార్డోబా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రజ్ఞు డొకడు, లోకమున నత్యధికముగా ఉల్లేఖింపబడువారిలో నొకడని పేరొందినవాడు, సౌదీ అరేబియాలోను రష్యాలోను గల విశ్వవిద్యాలయముల పేళ్ళను తన వ్యాసములకు తగిలించుచుండెను. ఆ కారణమున కార్డోబావారు జీతము లేకుండ 13 సంవత్సరములు సస్పెండు చేసినట్లు 2023లో వెల్లడియైనది. విశ్వవిద్యాలయములకు ర్యాంకులు కావలెను. ర్యాంకులకు ఉల్లేఖనములు కావలెను. కావున ఉల్లేఖనములు గలవాని పేరు అంగడిసరకైనది. కన్యాశుల్కమును నిందించిన జాతి యీ శుల్కమును పెద్దరికముగా నెంచుట తగునా?

ఇచ్చట ప్రతిపక్షుల వాదమును న్యాయముగా వినవలెను. ఏలయన నది తేలికయైనది కాదు. ‘అంకెలు రాకముందు మన విశ్వవిద్యాలయములలో నేమి జరిగినది? కులమును చూచి, పార్టీని చూచి, మంత్రిగారి చీటీని చూచి ఉద్యోగము లిచ్చిరి. అంకెకు కులము లేదు. బంధువు లేని బీదవాని బిడ్డ తన వ్యాసముల సంఖ్యను చూపి పెద్దవాని మేనల్లుని నోడింపగలడు. ఆ యొక్క యాయుధమును వానిచేతినుండి లాగుకొందురా?’ అని వారడుగుదురు. ఈ ప్రశ్నలో సత్యమున్నది. సిఫారసుల రోగమునకు మందుగానే యనేకులు సద్బుద్ధితో అంకెలను తెచ్చిరి.

కాని మందు పనిచేసినదా యని యడుగవలెను. ఎక్కువ వ్యాసము లెవరికి వచ్చును? పెద్ద ప్రయోగశాల, విలువైన యంత్రములు, రుసుము చెల్లించు నిధి, తాను చేయని పనిపైనను పేరు వేయించుకొనగల పెత్తనము గలవానికి. శాఖాధ్యక్షుని పేరు ప్రతి శిష్యుని వ్యాసమునను చేరును. శిష్యుని పేరు వెనుకకు జరుగును. జిల్లాకేంద్రమందలి ప్రభుత్వకళాశాలలో వారమునకు ఇరువది గంటలు పాఠములు చెప్పి, సాయంకాలమున నొక బుర్నరు వద్ద నిలిచి పనిచేయు నుపాధ్యాయుని కేమి మిగులును? మేనల్లుడు మరల గెలిచెను. ఈమారు చీటీకి బదులు అంకె చూపి గెలిచెను. పూర్వ మన్యాయము జరిగినప్పుడు దాని నన్యాయమనియైనను చెప్పగలిగితిమి. ఇప్పుడు దానికి గణితశాస్త్రపు ముద్ర పడినది. అంకె పక్షపాతమును తొలగింపలేదు, దాచినది.

కావున మనము కోరవలసినది అంకెలకు పూర్వమున్న చీకటి కాదు, అంకెలకు మించిన వెలుగు. ఉల్లేఖనముల సంఖ్య సాక్షిగా నుండవచ్చును, న్యాయాధిపతిగా నుండరాదు. సాక్షిని ప్రశ్నింపవలెను: ఎవరు ఉల్లేఖించిరి? పొగడిరా, ఖండించిరా? తమ్ము దామే ఉల్లేఖించుకొనిరా? పద్ధతినా, భావమునా? ఈ ప్రశ్నలకు బదులు కావలెనన్న వ్యాసములను చదువవలెను. మనము తప్పించుకొనజూచుచున్న శ్రమ యదియే.

చదివి తూచుట సాధ్యము కాదని చెప్పువారు బ్రిటనును చూతురుగాక. అక్కడ విశ్వవిద్యాలయశాఖల పరిశోధనను కొన్నియేండ్ల కొకమారు రెఫ్ అను పేర పరీక్షింతురు. 2014 పరీక్షలో నొక్కొక్క పరిశోధకుడు సాధారణముగా నాలుగు రచనలకు మించి పంపుటకు వీలులేకుండెను. 2021లో నొకరికి సగటున రెండున్నర చొప్పున శాఖవారు పంపిరి. నిపుణులు వానిని చదివి తరగతులుగా నిర్ణయించిరి. పత్రికల ఇంపాక్టు ఫ్యాక్టరును చూడరాదని నియమము. ఉల్లేఖనములను కొన్ని శాస్త్రములలో తోడుసాక్ష్యముగా మాత్రమే చూతురు. ఆ పద్ధతికిని లోపములు గలవు, ఖర్చును గలదు. కాని నలువది వ్యాసములు వ్రాసినవాడును మంచివి నాలుగు చూపవలసియే వచ్చును. ఆ యొక్క నియమముతో ఇసుక కలుపుట వలని లాభము పోయినది. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తలపెట్టిన డోరా ప్రకటనయు, 2015లో వెలువడిన లైడెను ప్రణాళికయు నీ మాటనే చెప్పినవి.

మన దేశమున 2016 మొదలుకొని ప్రభుత్వము ప్రకటించు జాతీయర్యాంకులలో విశ్వవిద్యాలయములకు నూటికి 30 పాళ్ళు పరిశోధనమునకు కేటాయింపబడినవి. అందు పెద్దభాగము వ్యాసముల సంఖ్యకును, ఉల్లేఖనములకునే చెందును. ఈ ర్యాంకుల పట్టికను మొదట చదువువారు శాస్త్రజ్ఞులు కారు. మావంటి పాఠశాలలలో చదువు ముగించిన పిల్లల తల్లిదండ్రులు. అప్పుచేసి కూతురిని రసాయనశాస్త్రము చదివింపదలచిన రైతు ఆ పట్టికను తెచ్చి నా ముందర పరచి, ‘అయ్యా, ఇందులో పిల్లకు ఎక్కడ బాగా చెప్పుదురు?’ అని యడుగును. ఆ ప్రశ్నకు వ్యాసముల సంఖ్య బదులు చెప్పదు. ప్రయోగశాలలో పిల్ల తన చేతితో టైట్రేషను చేయునో, దూరమున నిలిచి చూచునో, అధ్యాపకుల స్థానములలో నెన్ని ఖాళీగా నున్నవో, విషవాయువును బయటికి పంపు యంత్రము పనిచేయుచున్నదో లేదో, ఆ యంకెలలో లేదు.

మన నేలపైనే వేరు మార్గము నడచినవారుండిరి. తిరువేంకట రాజేంద్ర శేషాద్రిగారు 1930వ దశకమున వాల్తేరునకు వచ్చి, 1949లో ఢిల్లీకి పోవువరకు ఆంధ్రవిశ్వకళాపరిషత్తు రసాయనశాఖను నిర్మించిరి. మన చేలలో పూచు పత్తిపూలలోని రంగులను శోధించి వాని నిర్మాణమును తేల్చిరి. తమ వ్యాసములను పెక్కింటిని, రామనుగారు 1934లో బెంగుళూరున స్థాపించిన అకాడమీ ప్రొసీడింగ్సులోనే ప్రకటించిరి. ఆయన వ్రాసినవి తక్కువయని నే ననను, వందలకొలది వ్రాసిరి. రాశి యుండుట దోషము కాదు. రాశినే వాసియనుకొనుట దోషము. స్వదేశపత్రికలో వ్రాసినందువలన నేటి ఇంపాక్టు ఫ్యాక్టరు లెక్కలో నాయన మార్కులు తగ్గును. కాని చదివినవారు చదివిరి. 1960లో లండను రాయల్ సొసైటీవారు సభ్యునిగా నెన్నుకొనిరి. ఆయన తయారుచేసిన శిష్యులు తరువాతి తరమున శాఖలను నడపిరి. శాఖయన నది: పుస్తకములలోని వ్యాసములకన్న ముందు, ఒకరు మరియొకరికి నేర్పు పని.

కావున నేను కోరునది స్పష్టముగా చెప్పెదను. ప్రతి రసాయనశాఖయు నైదేండ్ల కొకమారు, తన అధ్యాపకు లొక్కొక్కరు స్వయముగా నెన్నుకొన్న మూడు రచనలను, ఆ శాఖతో సంబంధము లేని ముగ్గురు నిపుణులచే చదివింపవలెను. వారు సంఖ్యను గాక యభిప్రాయమును, కారణములతో, పేరు పెట్టి వ్రాయవలెను. దాని నందరును చదువునట్లు ప్రకటింపవలెను. పేరుపెట్టి వ్రాసిన యభిప్రాయమున పక్షపాతము దాగదు. సిఫారసులకును మందు అదియే. ఉపసంహరించుకొన్న వ్యాసముల పట్టికను దాపరికము లేక ప్రక్కనే చేర్చవలెను. విద్యార్థి ప్రయోగశాలలో గడపిన గంటలను పరిశోధనతో సమముగా నెంచవలెను. ప్రజలిచ్చు పన్నుతో నడచు శాఖ, తా నేమి చేసెనో యేటి కొకమారైనను తెలుగున వ్రాసి ప్రజలకు చెప్పవలెను. ఆ వ్రాత నెవడు నుల్లేఖింపడు; కాని చదువువా రుందురు.

ఇందులో నొక్కటియు నసాధ్యము కాదు. ధనముకన్న నెక్కువగా కావలసినది కూర్చుండి చదువు నోపిక. శాస్త్రజ్ఞుడు సంవత్సరముల తరబడి శ్రమించి వ్రాసినదానిని, వాని జీవనమును నిర్ణయించువారు ఒక గంటయైనను చదువరాదా? చదువనివానికి తీర్పు చెప్పు నధికారము లేదు. ఈ చిన్నమాటను మన విద్యాధికారు లంగీకరించిననాడు తూనికరాళ్ళు వాని చోటికి, అంగడికి, తిరిగి పోవును.